చేతిపనికి గౌరవం ఎక్కడిది?

మద్యపానం మంచిదా, చెడ్డదా అని నేను ఈ వ్యాసంలో విచారించబోవడం లేదు. ఆ వాదం శాస్త్రకారుల కాలం నుంచీ నడుస్తూనే ఉన్నది. ఇరుపక్షాల మాటలూ పాఠకులకు తెలిసినవే. దాని పక్కనే మరొక ప్రశ్న ఉన్నది, అది తరచుగా మన కంటపడదు. ఒకే పనిని ఒక మనిషి చేస్తే కళగానూ, మరొక మనిషి చేస్తే కులంగానూ మనకు ఎందుకు కనిపిస్తుంది? ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో తగల్లేదు. ఎల్.బి. నగర్‌లో బీరు కాచే ఒక చోట, గ్లాసు ముందు పెట్టుకొని కూర్చున్న వేళ ఎదురైంది.

నేను దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. ఈ ప్రాంతం ఎరుగనివారికి రెండు మాటలు చెప్పడం అవసరం. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం పల్లెల నుంచి పట్నం వచ్చే చదువరి మొదట దిగేది ఇక్కడే. గదికి నలుగురైదుగురు ఉండే హాస్టళ్లు, ఉద్యోగ పరీక్షలకు తర్ఫీదిచ్చే కేంద్రాలు, కంప్యూటరు నేర్పే దుకాణాలు, వీటి నడుమ ఇడ్లీ బండ్లు. తూర్పుగా నాలుగడుగులు వేస్తే చైతన్యపురి, కొత్తపేట, అటుపైన ఎల్.బి. నగర్ చౌరస్తా. అక్కడ ఒక దారి విజయవాడకూ, ఒక దారి నాగార్జునసాగర్‌కూ చీలిపోతుంది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి. నగర్ దాకా వచ్చింది. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును ఊరవతల బాటసింగారానికి తరలించారు. లారీలూ హమాలీలూ ఆ వీధుల నుంచి పోయారు. అద్దాల మేడలు వచ్చాయి. ఆ మేడల వెంట కొత్త అభిరుచులూ వచ్చాయి.

వాటిలో ఒకటి మైక్రోబ్రూవరీ. బీరును అక్కడే కాచి, అక్కడే గొట్టం తిప్పి గ్లాసులో పోసే చోటు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం వీటికి నిబంధనలు చేసింది. మొదట జూబ్లీ హిల్స్ వైపు వెలసినవి, తరువాత తూర్పు దిక్కుకూ నడిచాయి. మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకరు, “విమర్శించేముందు చూసిరావడం మన ధర్మం కదా” అని వేళాకోళమాడుతూ ఒక శనివారం సాయంకాలం నన్ను అక్కడికి తీసుకొనిపోయాడు.

మేడమీద విశాలమైన గది. ఒక పక్క అంతా గాజుగోడ. గోడ వెనుక ఉక్కు పాత్రలు, దీపాల వెలుగులో దేవాలయ విగ్రహాల వలె నిలబడి ఉన్నాయి. బీరు కాచే యువకుడికి ముప్పై యేళ్లు నిండలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకొని ఈ విద్య నేర్చుకొన్నాడట. మేము అధ్యాపకులమని తెలిసి గాజుగోడ లోపలికి పిలిచి అంతా చూపించాడు. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్టు అవుతుంది. దానిని పగలగొట్టి, అరవై అయిదు డిగ్రీల ప్రాంతపు వేడినీళ్లలో నానబెడితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యని నీటిని వడగట్టి, హాప్స్ అనే తీగ పువ్వులు వేసి గంటసేపు మరగబెడతారు. చేదూ వాసనా వాటి నుంచి వస్తాయి. చల్లార్చి ఈస్టు కలిపితే పులుపు మొదలౌతుంది. కొన్ని రకాలు వారం పది రోజులకు సిద్ధమౌతాయి, కొన్నిటికి నెల పైబడుతుంది. ఆ యువకుడు గుప్పెడు మాల్టు నా చేతిలో పోసి వాసన చూడమన్నాడు. “పాత్రలు సాయం చేస్తయి సార్. కాని అసలు యజమాని ముక్కే. ఇది చేతిపని” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో ఉన్న తృప్తి నటన కాదు.

బయటకు వచ్చి కూర్చున్నాము. చెక్కపలక మీద నాలుగు చిన్న గ్లాసులు వచ్చాయి. గోధుమతో చేసిన బీరుకు అరటిపండు, లవంగం కలిసిన వాసన. ఆ వాసన ఈస్టు వల్ల వస్తుందని అప్పుడే విని ఉన్నాను కనుక మరింత శ్రద్ధగా మూసి చూశాను. మిత్రుడితో ఏదో మెచ్చుకోలుగా అంటూ తల పైకెత్తేసరికి, పలక తెచ్చిన కుర్రవాడు మా డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థి. తరగతిలో కిటికీ పక్కన కూర్చుంటాడు. ఇద్దరమూ ఒక్క క్షణం ఏమీ ఎరగనట్టే ఉన్నాము. తరువాత నేను చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు దగ్గరకు వచ్చాడు.

“సార్, క్లాసుల ఎవ్వరికీ చెప్పకుండ్రి.”

“పని చేసుకోవడంలో తప్పేముందయ్యా?”

“తప్పని గాదు సార్. మా నాయన తాళ్లెక్కుతడు. నువ్వు కల్లు పొయ్యొద్దు బిడ్డా అని పట్నం తోలిండు. ఈడ గూడ పోసుడే.”

నవ్వుతూనే అన్నాడు. వేరే బల్ల వాళ్లు పిలిస్తే వెళ్లిపోయాడు. నేను తిరిగి వచ్చి కూర్చున్నాను గాని, గ్లాసులోని లవంగం వాసన నాకు మళ్లీ తెలియలేదు.

ఇందుకు కారణం చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పుకోక తప్పదు. మా ఊరు చౌటుప్పల్‌కు అవతల. మా తాత గీత కార్మికుడు. నడుముకు ముస్తాదు, భుజాన మోకు, తెల్లవారుజామున ఒకమారు, పొద్దుగూకే ముందు ఒకమారు చెట్టెక్కేవాడు. తాటిగెల కొసను కత్తితో పలచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. చాలీచాలకుండా చెక్కితే కారడం ఆగిపోతుంది. ఆ మందం కొలిచే పనిముట్టు లోకంలో లేదు, అది చేతిలో ఉండవలసిందే. చుక్కచుక్కగా లొట్టిలో పడే రసం పడుతూ ఉండగానే గాలిలోని ఈస్టుతో పులియడం ఆరంభిస్తుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులుపు ఆగి తియ్యని నీరా అవుతుంది. ఏ చెట్టు ఏ నెలలో పారుతుందో, పోతుతాటికీ పరుపుతాటికీ రుచిలో తేడా ఏమిటో, ఉదయం దించినది మధ్యాహ్నానికి ఏమౌతుందో ఆయనకు తెలుసు. ఆయనకు కూడా ముక్కే యజమాని. అంతిమంగా తయారయ్యే పానీయం కూడా ఇంచుమించు సమానమే. కల్లులోనైనా బీరులోనైనా మత్తు పదార్థం సాధారణంగా నూటికి నాలుగైదు వంతులు.

అయితే, మా తాతను గాజుగోడ వెనుక నిలబెట్టి నీ విద్య చెప్పుమని ఎవరూ అడగలేదు. ఎవరూ అంటే నేను కూడా. తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేశాను, కావ్యాల్లోని పానగోష్ఠి వర్ణనలకు అలంకారాలు చెప్పగలను. ముస్తాదు అన్న మాట పుట్టుపూర్వోత్తరాలు మాత్రం ఆయన బతికి ఉండగా అడగాలని తోచలేదు. ఒకనాడు ఆయన చెట్టు మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. మా నాయన కూడా కొన్నేళ్లు గీసి, తరువాత మానుకొన్నాడు. కళాశాల దరఖాస్తులో “తండ్రి వృత్తి” అన్నచోట నేను “వ్యవసాయం” అని రాశాను. అబద్ధమనడానికి లేదు, మాకు ఎకరంన్నర చెలక ఉన్నది. నిజమనడానికీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. నా మిత్రుడు ఆ సాయంకాలమే తన తీర్పు చెప్పేశాడు: ఇదంతా ధనిక వర్గపు విలాసం, ఇందులో ఆలోచించవలసినదేమీ లేదు అని. ఈ తీర్పు తొందరపాటు. బీరు ఉత్పత్తి కొద్ది మహా కంపెనీల చేతుల్లో గుత్తకు చిక్కి, ఊరూరా ఒకే రుచి పారుతున్నప్పుడు, ఇంగ్లండులో 1971లో తాగేవాళ్లే సంఘంగా ఏర్పడి పాత పద్ధతి బీరును కాపాడుకోవడానికి ఉద్యమించారు. చిన్న బ్రూవరీల పుట్టుకలో గుత్తాధిపత్యం మీద తిరుగుబాటు అంశ ఒకటి ఉన్నది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి. కూలికి అమ్ముకొన్న శ్రమలో మనిషి తనను తాను పోగొట్టుకొంటాడని మార్క్స్ వివరించాడు. తాను చేసిన వస్తువులో తనను తాను చూసుకోగలిగిన మనిషి ఎదురైనప్పుడు, అతని గ్లాసు ఖరీదు ఎక్కువని మాత్రమే చెప్పి ముఖం తిప్పుకోవడం మార్క్సిజం కాదు. ఆ తృప్తి అందరికీ ఎందుకు లేదని అడగడం మన పని.

రెండో అభ్యంతరం దీనికంటె బరువైనది. అది స్త్రీల నుంచి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమంలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మగవాని కూలి ఇంటికి చేరకముందే సారా కంట్రాక్టరుకు చేరుతున్నదన్నది వాళ్ల వాదం. వేదాంతం కాదు, ఇంటి లెక్క. తాగేవస్తువు తయారుచేసే పనికి గౌరవం కావాలనే ఎవరైనా ముందు ఆ లెక్కకు జవాబు చెప్పాలి. నేనూ చెప్పాలి, నా వద్ద పూర్తి జవాబు లేదు. అయితే తరువాత జరిగినదాన్ని మరవకూడదు. 1997లో నిషేధం ఎత్తివేసినప్పుడు సారా నిషేధం అలాగే ఉండిపోయింది. సీసా మద్యం తిరిగి వచ్చింది. ఖజానాకు ఏది ఎక్కువ తెస్తుందో అది నిలిచింది. మత్తుపానీయాలను నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని మన రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతున్నది. అదే రాజ్యం మద్యం ఆదాయం మీద కూర్చొని ఉన్నది. ఇది కొత్త సంగతి కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే సురాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. పానశాలలో గదులు, పడకలు, పూలు, పరిమళాలు ఉండాలని అక్కడ విధులున్నాయి. నిజాం సంస్థానపు ఖజానాకు కూడా ఆబ్కారీ పెద్ద ఆధారం. రాజ్యం తాగుబోతును నిందిస్తుంది, తాగుడు పన్నును లెక్కపెట్టుకొంటుంది. దూబగుంట స్త్రీల ఆగ్రహం న్యాయమైనది. దానిని అరువు తెచ్చుకొని గీత కార్మికుడికి నీతి బోధించే హక్కు మాత్రం ఈ రాజ్యానికి లేదు.

మూడో వైఖరి మనవాళ్లలోనే కొందరిది: బ్రూవరీ దొరలది, కల్లు కంపౌండు ప్రజలది, కనుక కల్లు కంపౌండు మంచిది. గురజాడ ‘కన్యాశుల్కం’ మలికూర్పులో దుకాణం దృశ్యం చదివినవాళ్లకు ఈ వాదం ఆకర్షకంగానే ఉంటుంది. అక్కడ బైరాగీ హవల్దారూ ఒకచోట కూర్చొని లోకం సంగతులు మాట్లాడుకొంటారు. కాని నేను చూసిన మండువాలో ఊరివాళ్లకు ఒక చోటు, మాల మాదిగలకు దూరంగా మరొక చోటు ఉండేది; వాళ్లకు తాటాకు రేకలోకి ఎత్తి పోసేవారు. పోసినవాడు మా తాతే. తన చేతిపనికి గౌరవం లేని మనిషి, తనకంటె కిందివాని చేతిని తాకకుండా పోయడం నేర్చాడు. ఇక నగరంలోని కంపౌండుల సంగతి. కొన్నేళ్లపాటు మూతపడి 2014లో తిరిగి తెరుచుకొన్న ఈ కంపౌండులకు కావలసినంత కల్లు హైదరాబాదు చుట్టూ పారడం లేదు. తాళ్ల వనాలు ప్లాట్లయ్యాయి. చెట్టు ఇవ్వలేనిదాన్ని మందుబిళ్ల ఇచ్చింది. నిద్రమాత్రల పొడి కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లు, 2015లో సోదాలు జరిగి ఆ సరకు ఆగిపోయినప్పుడు వణుకుతూ, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. చచ్చిపోయినవాళ్లు కూలినాలి జనం. దీనిని ప్రజా సంస్కృతి అని పాడుకోవడం ప్రజల పట్ల ప్రేమ అనిపించుకోదు.

కనుక బ్రూవరీని తిట్టడంతోనూ, కల్లును పొగడడంతోనూ మన ప్రశ్న తెమలదు. తేడా పానీయంలో లేదు. విద్యలో కూడా లేదు. ఇద్దరి విద్యా ముక్కులోనూ మునివేళ్లలోనూ ఉన్నదే. తేడా అంతా ఆ పనికి మనిషి వచ్చిన దారిలో ఉన్నది. ఆ యువకుడు తన పనిని ఎన్నుకొన్నాడు. మా తాత తన పనిలో పుట్టాడు. కులమంటే పని విభజన మాత్రమే కాదనీ, పనివాళ్లనే విభజించి మెట్లమీద నిలబెట్టడమనీ అంబేద్కర్ 1936లో వివరించాడు. ఆ మెట్ల మీద ఎన్నిక అనే మాటకు చోటు లేదు. ఎన్నుకోనిదాన్ని లోకం నైపుణ్యమని పిలవదు, స్వభావమని పిలుస్తుంది. గౌండ్లవాడు చెట్టెక్కుతాడు, చేప ఈదుతుంది. ఇందులో మెచ్చుకోవలసినదేమున్నదని దాని ధోరణి. ఉద్యోగం వదిలి వచ్చినవాని చేతిపనిలో మాత్రం త్యాగం కనిపిస్తుంది, కథ కనిపిస్తుంది.

నిశితంగా చూస్తే, ఏ పనికైనా గౌరవం నిలవడానికి మూడు ఆధారాలు కావాలి. అందులోకి ఇష్టపడి రాగలగాలి. ఇష్టం లేనప్పుడు పోగలగాలి. ఉన్నంతకాలం ప్రాణానికి హామీ, మాటకు విలువ ఉండాలి. బ్రూవరీ యువకుడికి ఈ మూడూ ఉన్నాయి. రేపు వ్యాపారం దెబ్బతింటే మళ్లీ కంప్యూటరు ముందు కూర్చోగలడు. మా తాతకు ఒక్కటీ లేదు. ఈ సందర్భంలో విలియం మారిస్ గుర్తుకు వస్తాడు. చేతిపని అందాన్ని యంత్రయుగపు ఇంగ్లండులో నిలబెట్టాలని జీవితమంతా శ్రమించిన ఆ కవి, తన అద్దకాలూ కుర్చీలూ ధనికుల ఇళ్లకే చేరుతున్నాయని గ్రహించాడు. 1883లో సోషలిస్టు సంఘంలో చేరాడు. చేతిపనికి గౌరవం తేవాలంటే వస్తువుకు మెరుగు పెట్టడం చాలదు, మనుషుల మధ్య సంబంధాలు మార్చాలన్నది ఆయన జీవితం చెప్పే పాఠం.

ఆ గాజుగోడను మరోమారు చూడండి. దాని వెనుక ఒక శ్రమ మనకు ప్రదర్శించబడుతున్నది. పాత్రలు కడిగేవాళ్లు, పిప్పి మోసేవాళ్లు, పలకలు మోసే మా విద్యార్థి ఆ ప్రదర్శనలో లేరు. “చేతిపని” అన్న మాటలోని చేతులు ఎన్నో ఉన్నా, పేరు ఒక్క చేతికే దక్కుతున్నది. ఆ యువకుణ్ణి నేను తప్పుపట్టడం లేదు. అతడు నిజాయితీపరుడు. తన నిజాయితీకి హద్దు ఎక్కడ గీసి ఉన్నదో అతనికి కనిపించదు, అంతే. ఒక్క గ్లాసు ఖరీదుకు కళ్లు మూసుకొని లవంగం వాసన వెతికిన నాకూ, ఆ కుర్రవాడు నోరు విప్పేదాకా కనిపించలేదు.

మరి చేయవలసినదేమిటి? కులవృత్తులను పునరుద్ధరిస్తామని చెప్పే పథకాలను మనం జాగ్రత్తగా పరీక్షించాలి. తండ్రి ఎక్కిన చెట్టునే కొడుకు ఎక్కాలని ప్రోత్సహించేది ఏదైనా, ఎంత సబ్సిడీ ఇచ్చినా, అది మెట్లను బాగుచేయడమే. ఇష్టపడి ఆ పనిలో ఉన్నవానికి రక్షణ ఇవ్వడం వేరు. 2024 జూలై 14న, ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రోడ్డున పోతే వచ్చే అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో, గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం అనే పేరుతో చెట్టెక్కే భద్రతా సామగ్రిని ప్రభుత్వం పంచడం ప్రారంభించింది. పడకుండా పట్టుకొనే పట్టీ ఒకటి ఇవ్వడానికి మనకు ఇన్ని శతాబ్దాలు పట్టింది. దాన్ని స్వాగతించాలి, అది మూడు ఆధారాలలో ఒకదానిలో సగమని కూడా చెప్పాలి. రావడానికీ పోవడానికీ గల స్వేచ్ఛ భూమి నుంచి, చదువు నుంచి, ఉద్యోగం నుంచి రావాలి. ఇక మాటకు విలువ ఇవ్వడం మన వంటి తెలుగు పంతుళ్ల బాధ్యత. చెట్టుకూ చేతికీ మధ్య పుట్టిన వందల మాటలు మాట్లాడేవాళ్లతోనే పోతున్నాయి. అడిగి రాసుకోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

వ్యాసం ఇక్కడితో ముగించవచ్చును. కాని నా పొరపాటు ఒకటి దిద్దుకోవలసి ఉన్నది.

పది రోజుల తరువాత ఆ విద్యార్థి ఉపకారవేతనం దరఖాస్తు మీద సంతకానికి నా దగ్గరకు వచ్చాడు. ఆ సాయంకాలం నుంచి నేను ఒకటే అనుకొంటూ ఉన్నాను: ఈ కుర్రవాడు తండ్రి పనికి సిగ్గుపడుతున్నాడు, ఒకప్పుడు నేను సిగ్గుపడినట్టే, ఇతనికి ధైర్యం చెప్పాలి అని. నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకొన్నాను. కాగితం తీసి చూశాను. “తండ్రి వృత్తి” అన్నచోట గుండ్రని అక్షరాలతో “కల్లు గీత” అని రాసి ఉన్నది. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు.

అతడు దాచుకొన్నది తండ్రి పనిని కాదు. చెట్టెక్కే తండ్రి కోరిన ఒకే ఒక కోరిక ఇంకా తీర్చలేకపోతున్నానన్న సంగతిని. నా సిగ్గును అతనికి అంటగట్టి, దానికి సానుభూతి చూపడానికి సిద్ధపడినవాణ్ణి నేను. సిద్ధం చేసుకొన్న మాటలు నాలోనే ఉండిపోయాయి. సంతకం పెట్టి, “మీ నాయన ఊళ్లో ఎప్పుడుంటాడు? నేనొకసారి వచ్చి కొన్ని మాటలు అడిగి రాసుకోవాలి” అన్నాను.

“పొద్దుగాల రాండ్రి సార్. చెట్టు దిగినంక మాట్లాడతడు” అన్నాడు.